ఎవరూ లేని చోటికి కాదు, ఎక్కువమందికి తెలియని చోటికి

ఒక్కరే ప్రయాణం చేయాలనుకునే స్త్రీల నుంచి, వారి ఇంటివాళ్ల నుంచి ఈ మధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. అందరూ వెళ్లే ఊళ్లు వద్దు, జనానికి అంతగా తెలియని చోట్లు చెప్పండి అన్న మాట దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఉంది. వాటిలో ఐదింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. బ్యాంకులో ఉద్యోగం. ఇంతవరకు ఒక్కదాన్నే ఎక్కడికీ వెళ్లలేదు. రెండు రోజుల సెలవులో వెళ్లి రాగలిగే చోటు కావాలి. గోవా, పుదుచ్చేరి, ఊటీ వంటివి వద్దు. రద్దీ లేని ప్రశాంతమైన ప్రదేశం ఏదైనా ఉందా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందుగా ఒక తేడా గమనించండి. తెలియని చోటు వేరు, నిర్మానుష్యమైన చోటు వేరు. అడవి మధ్యలోని జలపాతమో, ఊరికి దూరంగా ఉన్న కొండ అంచో ఫొటోలో ఎంత అందంగా కనిపించినా, మొదటిసారి ఒంటరిగా బయలుదేరే స్త్రీకి నేను వాటిని సూచించను. పర్యాటకులు తక్కువగా ఉన్నా, ఆ ఊరివాళ్లు తమ పనుల్లో తాము తిరుగుతూ ఉండే చిన్న పట్టణం మీకు కావాలి. ఉదయం కూరగాయల బేరాలు, మధ్యాహ్నం బడి వదిలిన పిల్లలు, సాయంత్రం గుడికో దర్గాకో వెళ్లే ఆడవాళ్లు ఉన్న ఊళ్లో కొత్త మనిషి ఒంటరి కాదు.

ఆ లెక్కన మీకు కర్ణాటకలోని బీదర్ సరిపోతుంది. హైదరాబాదు నుంచి సుమారు 140 కిలోమీటర్లు. రైలూ ఉంది, బస్సులూ ఉన్నాయి. మహాలక్ష్మి పథకం కింద మీకు ఉచిత ప్రయాణం తెలంగాణ సరిహద్దు వరకే వర్తిస్తుంది కాబట్టి, జహీరాబాదు దాకా ఎక్స్‌ప్రెస్ బస్సులో వెళ్లి అక్కడి నుంచి బీదర్ బస్సు ఎక్కితే ఖర్చు చాలా తగ్గుతుంది. 1956 వరకు ఇది హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లానే. కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ కలిసి వినిపించే ఆ బజార్లలో తెలుగు అర్థం చేసుకునేవాళ్లూ తగులుతారు. మొదటి ప్రయాణంలో భాష ఇచ్చే ధైర్యం తక్కువది కాదు.

బహమనీ సుల్తానులు 15వ శతాబ్దంలో కలబురగి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చారు. కోటకు ఉదయమే వెళ్లండి. లోపల రంగీన్ మహల్‌లో నల్లరాతిలో ముత్యపుచిప్ప ముక్కలు పొదిగిన పనితనం ఉంది. అది తాళం వేసి ఉంటే అక్కడి పురావస్తు శాఖ సిబ్బందిని అడగండి. కోట చాలా పెద్దది. వెనుకవైపు బురుజుల దాకా ఒక్కరే వెళ్లాల్సిన పని లేదు. కుటుంబాలు తిరిగే భాగమే మీకు ఒక పూట పడుతుంది. కోట నుంచి పాత ఊళ్లోకి నడిచి వస్తే, పర్షియాలోని గీలాన్ నుంచి వచ్చి ఇక్కడ మంత్రిగా పనిచేసిన మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా కనిపిస్తుంది. 1696లో జరిగిన పేలుడులో ముందుభాగం చాలావరకు కూలిపోయినా, మిగిలిన మినారు మీద నీలం, పచ్చ, పసుపు రంగుల పలకలు ఇప్పటికీ కనిపిస్తాయి.

నా దృష్టిలో బీదర్‌లో అన్నిటికన్నా విలువైనది, లోహపాత్రల మీద వెండి పొదిగే బిద్రీ పని చూడటం. పాత ఊళ్లోని చౌబారా అనే కావలి బురుజు చుట్టుపక్కల ఉన్న దుకాణాలకు అనుబంధంగా చిన్న చిన్న పనిశాలలు ఉంటాయి. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోతపోసిన పాత్ర మీద లతలు, పూలు చెక్కి, ఆ గాడుల్లో వెండి తీగను సుత్తితో దిగగొట్టి, చివరికి కోటలోని మట్టిని నవాసాగరంతో కలిపి రుద్దుతారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. కోటలో ఎండా వానా తగలని చోటి మట్టే దీనికి పనికొస్తుందని కళాకారులు చెబుతారు. ఒక గంట కూర్చుని చూస్తానంటే కాదనరు. ఒంటరిగా తిరిగేటప్పుడు ఇటువంటి చోట్లు మనకు ఆసరా, ఎందుకంటే అక్కడ కూర్చోవడానికి మనకొక కారణం ఉంటుంది.

రెండో రోజు ఉదయం గురుద్వారా నానక్ ఝీరా సాహిబ్‌కు వెళ్లండి. గురునానక్ పేరుతో ముడిపడిన ఊట అక్కడ ఉంది. సిక్కుల ఖాల్సా సమాజపు తొలి ఐదుగురిలో ఒకరైన భాయి సాహిబ్ సింగ్ బీదర్ వారే. తల మీద చున్నీ కప్పుకుని, లంగరు అనే అక్కడి ఉచిత భోజనశాలలో ఎవరైనా భోజనం చేయవచ్చు. అక్కడ ఒక్కరే తింటున్న స్త్రీని ఎవరూ వింతగా చూడరు. తరువాత ఆటో మాట్లాడుకుని అష్టూరులోని బహమనీ సమాధులు చూసి రండి. ఆటోను అక్కడే ఆపి ఉంచుకోవాలి, తిరుగు బండి కోసం రోడ్డు మీద నిలబడవద్దు. నరసింహ ఝరణి గుహాలయంలో దర్శనానికి సొరంగంలో నడుములోతు నీళ్లలో నడవాలి. కుటుంబాలతో పాటు వెళ్లగలిగితేనే వెళ్లండి. జనం లేని వేళ అయితే బయటి నుంచే దండం పెట్టుకోవచ్చు.

ప్రశ్న: మొన్న వేరే జిల్లాలో ఒక పరీక్ష రాయడానికి వెళ్లి, రాత్రి 10 గంటలకు లాడ్జికి వెళితే, "ఒంటరి ఆడవాళ్లకు గది ఇవ్వం" అన్నారు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టిన రసీదు చూపించినా వినలేదు. అలా అనడానికి వాళ్లకు హక్కు ఉందా? ఇలాంటప్పుడు ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: గుర్తింపు కార్డు చూపించిన వయోజనురాలికి, ఒంటరిగా వచ్చిందన్న కారణంతో గది నిరాకరించాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. "పోలీసుల రూలు" అని గుమాస్తా అంటే ఆ రూలు కాగితం చూపించమని నెమ్మదిగా అడగండి. మీకు జరిగింది అన్యాయమే. ఒక ఆడపిల్ల రాత్రివేళ వీధిలో ఉండటమే ప్రమాదమని తెలిసి, ఆమెను మళ్లీ వీధిలోకే పంపడం ఏ మర్యాదో నాకు అర్థం కాదు.

అయినా రాత్రి 10 గంటలకు ఆ వాదన గెలవడం కన్నా పడుకోవడానికి భద్రమైన చోటు ముఖ్యం. అందుకే ముందు జాగ్రత్త చెబుతున్నాను. ఆన్‌లైన్‌లో గది తీసుకున్నా సరే, బయలుదేరే ముందు నేరుగా ఆ లాడ్జికి ఫోన్ చేసి, "నేను ఒక్కదాన్నే వస్తున్నాను, ఫలానా వేళకు చేరతాను, గది ఇస్తారు కదా" అని దాపరికం లేకుండా అడిగి, అదే విషయాన్ని మెసేజ్‌గా పంపించి జవాబు తెప్పించుకోండి. ఫోనులో తటపటాయించేవాళ్లు తలుపు దగ్గర కూడా తటపటాయిస్తారు. పర్యాటక శాఖ వారి హోటళ్లు, రైల్వే స్టేషన్లలోని రిటైరింగ్ రూములు ఇటువంటి ఇబ్బంది తక్కువగా ఉండే చోట్లు. రైలు టికెట్టు ఉన్నవారికి రిటైరింగ్ రూము ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. పుణ్యక్షేత్రాల్లోని కొన్ని సత్రాల్లో ఒంటరి మనిషికి, ఆడైనా మగైనా, గది ఇవ్వరు. ఆ సంగతి ముందే కనుక్కోవాలి.

గదిలో అడుగుపెట్టగానే సంచి దించకముందే లోపలి గడియ, కిటికీ గొళ్లేలు, పక్క గదిలోకి తలుపు ఉంటే దాని గడియ సరిచూసుకోండి. నచ్చకపోతే వేరే గది అడగడానికి మొహమాటపడవద్దు. అన్నీ కాదన్న రాత్రి ఊరంతా తిరిగి లాడ్జీలు వెతకడం కన్నా రైల్వే స్టేషన్‌లోని స్త్రీల వెయిటింగ్ హాలు మేలు. పోలీసు సాయానికి 112, మహిళా హెల్ప్‌లైన్ 181, రైల్లో ఉన్నప్పుడు 139.

మరొక విషయం చాలామందికి తెలియదు. 1989 నాటి రైల్వే చట్టం 139వ సెక్షను ప్రకారం, మగతోడు లేకుండా ప్రయాణిస్తున్న స్త్రీ దగ్గర టికెట్టు లేకపోయినా, ఆమెను దారిలో ఏదో ఒక చిన్న స్టేషన్‌లో దించేయకూడదు. ఆమె ఎక్కిన స్టేషన్‌లోనో, జంక్షన్‌లోనో, చివరి స్టేషన్‌లోనో, జిల్లా కేంద్రంలోనో మాత్రమే, అదీ పగటిపూటే దించాలి. టికెట్టు లేకుండా ఎక్కమని దీని అర్థం కాదు. పొరపాటున వేరే రైలు ఎక్కినప్పుడో, టికెట్టు పోగొట్టుకున్నప్పుడో కంగారుపడి చీకట్లో దిగిపోవద్దని చెప్పడానికి రాస్తున్నాను.

ఇకమీదట టికెట్టు తీసుకునేటప్పుడు బయలుదేరే వేళ కన్నా ముందు చేరే వేళ చూడండి. కొత్త ఊరికి ఉదయం 7 గంటలకు చేరడానికి రాత్రంతా రైల్లో కూర్చున్నా నష్టం లేదు.

ప్రశ్న: నేను తెలుగు పండితురాలిగా పనిచేసి రిటైరయ్యాను. వయసు 62. మావారు పోయి నాలుగేళ్లయింది. పిల్లలు రమ్మంటే వెళుతున్నాను గాని, నా ఇష్టప్రకారం ఒక్కసారైనా ఎక్కడికైనా వెళ్లాలని ఉంది. యాత్రా బస్సుల హడావిడి నాకు సరిపడదు. మోకాళ్ల నొప్పులు. ఎక్కడికి వెళ్లమంటారు?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దూరాభారం అక్కర్లేదు, శ్రీకాకుళం వెళ్లండి. విశాఖ, అరకు దాకా వెళ్లి వెనక్కి తిరిగే మనవాళ్లలో చాలామంది ఆ పక్కనే ఉన్న ఈ జిల్లాను చూడనే లేదు.

రైలుకు 45 ఏళ్లు దాటిన స్త్రీలకు కింది బెర్తు ఇచ్చే కోటా ఉంది. టికెట్టు తీసుకునేటప్పుడు వయసు సరిగా నమోదు చేయించండి. శ్రీకాకుళం రోడ్ అన్న స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. అక్కడి నుంచి పట్టణానికి బస్సులు, ఆటోలు దండిగా ఉంటాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం అమలులో ఉన్నందున, ఆధార్ చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు టికెట్టు డబ్బు అక్కర్లేదు. పట్టణంలో బస్టాండుకు దగ్గరగా, లిఫ్టు ఉన్న హోటల్లో మూడు రాత్రులకు గది తీసుకుని, రోజూ ఒక్క చోటికి మాత్రమే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రండి.

అరసవల్లి సూర్యదేవాలయం ఊరిని ఆనుకునే ఉంది. ఆదివారం, రథసప్తమి రోజుల్లో తప్ప ప్రశాంతంగా ఉంటుంది. మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని ఉదయాల్లో సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. అది చూడాలనుకుంటే ఆ రద్దీకి సిద్ధపడాలి. శ్రీకూర్మంలో స్వామి కూర్మరూపంలోనే పూజలందుకుంటాడు. ఆ గుడికి రెండు ధ్వజస్తంభాలు ఉండటం, ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచడం విశేషాలు.

మిమ్మల్ని ప్రత్యేకంగా వెళ్లమనేది మాత్రం శ్రీముఖలింగానికి. వంశధార ఒడ్డున తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఉండిన చోటు అది. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు అని మూడు గుడులు. గోడలన్నీ శిల్పాలూ శాసనాలే. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి 1863లో ఈ పక్కనే ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, పాత లిపులను తనకు తానే నేర్చుకుని ఈ శాసనాలను చదివారు. ఇన్నేళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన మీరు ఆ గోడల ముందు నిలబడటం ఎలా ఉంటుందో నేను ఊహించగలను. గుడి ఎక్కడానికి కొండలు, మెట్లు లేవు. శ్రీకాకుళం నుంచి 45 కిలోమీటర్ల పైచిలుకు దూరం కాబట్టి ఉదయం బస్సులో వెళ్లి, తిరుగు బస్సు వేళ దిగగానే కండక్టరును అడిగి పెట్టుకోండి.

ఒక పూట పొందూరుకు కేటాయించండి. అక్కడి సన్నఖద్దరు గురించి మీరు వినే ఉంటారు, కాని అది తయారయ్యే తీరు చూస్తే వేరు. పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా వాడతారు. ఆ సన్నని పళ్ల మధ్య పింజలు చిక్కు విడి నెమ్మదిగా మెత్తబడతాయి. తరువాత ఏకడం, ఏకులు చుట్టడం, రాట్నం మీద వడకడం, ఇవన్నీ ఎక్కువగా ఆడవాళ్ల పనులే. మీ వయసువాళ్లు, మీకన్నా పెద్దవాళ్లు అరుగుల మీద కూర్చుని నూలు తీస్తుంటారు. పక్కన కూర్చుని మాట్లాడితే పూట గడిచిపోతుంది. అంత శ్రమకు వాళ్లకు ముట్టేది చాలా తక్కువ. చీరో పంచో కొనేటట్లయితే ఊళ్లోని ఖాదీ సంఘం దగ్గరే, బేరమాడకుండా కొనమని నా మనవి.

వంశధార ఒడ్డునే శాలిహుండంలో కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు ఉన్నాయి. చాలా గొప్ప చోటు, కాని మెట్లెక్కాలి, మామూలు రోజుల్లో జనం పలచగా ఉంటారు. ఈసారికి వదిలేయండి.

ప్రశ్న: గండికోటలో లోయ అంచున గుడారంలో ఒక్కదాన్నే ఒక రాత్రి ఉండాలని ఉంది. సురక్షితమేనా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: గండికోట చూడండి, గుడారం వద్దు. ఎర్రమల కొండల మధ్య పెన్నా కోసిన ఆ లోయ అంచుకు రక్షణ గోడ లేదు. చీకటి పడ్డాక అక్కడ వెలుతురూ, పిలిస్తే పలికే మనుషులూ తక్కువ. పైగా గుడారానికి గడియ ఉండదు. పర్యాటక శాఖ వారి హరిత హోటల్‌లో గది తీసుకుని, కోటలోని మసీదు, ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి చూసుకుని, సూర్యోదయానికి ఇతర సందర్శకులతో పాటు లోయ దగ్గరకు వెళ్లండి. గది దొరకకపోతే సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగులో ఉండవచ్చు. మరుసటి రోజు బెలూం గుహలు చూడవచ్చు. అక్కడ దీపాలు, సిబ్బంది, టికెట్టు కౌంటరు అన్నీ ఉన్నాయి.

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు. హైదరాబాదులో ఎం.ఏ. చదువుతోంది. తమిళనాడులో ఎవరికీ తెలియని సముద్రతీరం ఏదైనా వెతుక్కుని ఒక్కర్తే వెళతానంటోంది. వద్దంటే అబద్ధం చెప్పి వెళుతుందేమోనని భయం, సరేనంటే ఏమవుతుందోనని భయం. ఏం చెప్పమంటారు?
— ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు మీ భయాన్ని దాచకుండా రాశారు. అదే మాట అమ్మాయితో కూడా అనండి. వెళ్లవద్దనే బదులు, ఏ తీరానికి వెళ్లాలన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోండి. ఎవరూ లేని ఇసుక తీరం మాత్రం వద్దని నేనూ గట్టిగానే చెబుతాను. సముద్రం దగ్గర మనుషుల వల్ల వచ్చే ప్రమాదం ఒకటైతే, నీళ్లలో కాలు జారితే చూసేవారు లేకపోవడం ఇంకొకటి.

ఆమె చదువుకున్న పిల్ల కాబట్టి తరంగంబాడి పేరు చెప్పి చూడండి. కారైక్కాలుకు ఉత్తరాన, సముద్రం ఒడ్డునే ఉన్న చిన్న ఊరు. 1620లో డెన్మార్క్ వాళ్లు తంజావూరు రఘునాథ నాయకుడితో ఒప్పందం చేసుకుని అక్కడ డాన్స్‌బోర్గ్ కోట కట్టారు. ఆ రఘునాథుడు స్వయంగా తెలుగు కవి. రామభద్రాంబ, మధురవాణి వంటి కవయిత్రులు ఆయన ఆస్థానంలో ఉండేవారు. 1706లో ఆ ఊరికి వచ్చిన జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ అక్కడే అచ్చుయంత్రం పెట్టించి 1715లో బైబిలు కొత్త నిబంధనను తమిళంలో ముద్రించాడు. ఆయన తరువాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసుకు వెళ్లి తెలుగు నేర్చుకుని, వ్యాకరణం రాసి, 1740ల్లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు అక్షరం అచ్చులోకి వచ్చిన కథలో ఈ మారుమూల ఊరికి ఇంత భాగం ఉందని మనలో ఎంతమందికి తెలుసు?

1845లో డెన్మార్క్ దీన్ని ఆంగ్లేయులకు అమ్మేసింది. ఇప్పుడు కోటలో మ్యూజియం ఉంది. 1792 నాటి పట్టణ ద్వారం నుంచి కోట దాకా ఉన్న వీధిలో పాత ఇళ్లు, బడి, 1718లో కట్టిన న్యూ జెరూసలేం చర్చి కనిపిస్తాయి. ఒడ్డున అలల తాకిడికి చాలాభాగం కోల్పోయిన మాసిలామణినాథర్ గుడి ఉంది. సాయంత్రం ఊరి కుటుంబాలు కోట ముందు ఇసుకలో కూర్చుంటాయి. మీ అమ్మాయి కోరుకునే సముద్రమూ, మీరు కోరుకునే మనుషులూ ఒకే చోట ఉంటారు. స్నానానికి మాత్రం ఆ నీళ్లలో దిగవద్దని చెప్పండి. 2004 సునామీలో ఆ తీరం ఎంతో నష్టపోయింది. జాలరిపేటల్లో ఫొటోలు తీసే ముందు అక్కడివారిని అడగడం మర్యాద.

చెన్నై నుంచి మయిలాడుదురై వెళ్లే రైలు పట్టుకుని, అక్కడి నుంచి బస్సులో వెళ్లాలి. ఊళ్లో బస చేసే చోట్లు కొన్నే. అవి దొరక్కపోతే మయిలాడుదురైలోనో కారైక్కాలులోనో ఉండి పగలు వెళ్లి రావచ్చు. రైల్వే రక్షణ దళం వారు 2020 నుంచి "మేరీ సహేలీ" పేరుతో ఒంటరిగా ప్రయాణించే స్త్రీలను బండి బయలుదేరేటప్పుడు పలకరించి, వారి సీటు వివరాలు దారిలోని స్టేషన్లకు తెలియజేస్తున్నారు. వాళ్లు వచ్చి అడిగితే వివరాలు చెప్పమనండి.

ఇక మీ ఇద్దరి మధ్య ఒప్పందం. గంటగంటకూ ఫోన్ చేయకండి. ఆ పిల్ల ఫోన్ ఆపేయడమో, విసుగుతో అబద్ధం చెప్పడమో జరిగేది అప్పుడే. ఉదయం బయలుదేరేటప్పుడు ఒక మెసేజ్, చీకటి పడేలోగా గదికి చేరానని ఒక ఫోన్, ఈ రెండూ తప్పకూడదని మాట తీసుకోండి. టికెట్టు ప్రతి, హోటల్ ఫోన్ నెంబరు మీ దగ్గర ఉండాలి. ప్రయాణం నచ్చకపోతే మధ్యలో తిరిగి వచ్చేయడానికి సరిపడా డబ్బు ఆమె ఖాతాలో విడిగా వేసి ఉంచండి. అలా తిరిగి వస్తే "నేను ముందే చెప్పాను" అని మాత్రం అనవద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ తీరంలో ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు. జనవరిలో పొంగల్ సెలవులకు గదులు దొరకవు. ఆ తరువాతి వారానికి టికెట్టు చూసుకోమనండి.